ఐరోపా విహారయాత్ర: రైలా, అద్దె కారా?

పర్యాటక రంగంలో రవాణాకు సంబంధించిన సాధారణ సూత్రాలను మీరు గత పాఠాలలో చదివారు. ఈ పాఠంలో ఒకే ఒక్క నిర్ణయాన్ని తీసుకొని దాన్ని చివరిదాకా పరిశీలిద్దాం. ఐరోపాకు విహారయాత్రకు వెళ్లిన ఒక కుటుంబం అక్కడ ఊరి నుండి ఊరికి రైలులో తిరగాలా, కారు అద్దెకు తీసుకోవాలా? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని స్థిర వ్యయం, చర వ్యయం, అవకాశ వ్యయం అని మనం పుస్తకంలో చదువుకున్న మూడు భావనలూ ఇందులో ఒకేసారి ఎదురవుతాయి.

మీలో కొందరు రేపు ట్రావెల్ ఏజెన్సీలలో పనిచేయవచ్చు. మరికొందరి అన్నో, చెల్లెలో ఇప్పటికే జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉండవచ్చు. అమ్మానాన్నలను పిలిపించుకొని నాలుగు ఊళ్లు చూపించాలనుకునే పిల్లలు మన రెండు రాష్ట్రాలలోనూ తక్కువేమీ లేరు. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో, వీసాలో రాసిచ్చిన కొద్ది రోజులలో చేసే ప్రయాణం అది. లెక్క తప్పితే సరిదిద్దుకోవడానికి రెండో ప్రయాణం చాలామందికి ఉండదు. అందుకే ఈ విషయాన్ని కొంత వివరంగా చూద్దాం.

తలసరి ఖర్చు, బండి ఖర్చు

రైలు టికెట్టు మనిషికి ఒకటి. కారు అద్దె బండికి ఒకటి. తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది. మనుషులు పెరిగిన కొద్దీ రైలు ఖర్చు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కారులో ఒక్కరు కూర్చున్నా నలుగురు కూర్చున్నా అద్దె, టోలు, పార్కింగు మారవు. పెట్రోలు స్వల్పంగా మారుతుంది. అంటే కారు ఖర్చులో అధిక భాగం స్థిర వ్యయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రోమ్ నుండి ఫ్లోరెన్స్‌కు రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు. కింది ధరలన్నీ లెక్క నేర్చుకోవడానికి నేను అనుకున్నవి. మీరు ప్రయాణం చేసేనాటి ధరలు వేరుగా ఉంటాయి. కారు అద్దె రోజుకు 60 యూరోలు, టోలు 20 యూరోలు అనుకోండి. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 18 లీటర్లకు పైగా పెట్రోలు కావాలి. లీటరు 1.80 యూరోలైతే 33 యూరోలు. ఫ్లోరెన్స్‌లో ఒక రాత్రి పార్కింగుకు 30 యూరోలు. మొత్తం 143 యూరోలు.

ఇక రైలు. ముందుగా కొన్న టికెట్టు 25 యూరోలనుకుంటే ఇద్దరికి 50, నలుగురికి 100. ఆరుగురు ఉంటే తప్ప కారు చౌక కాదు. ఆరుగురైతే ఆ చిన్న కారు ఎటూ సరిపోదు. అదే టికెట్టును బయలుదేరే రోజు ఉదయం 55 యూరోలకు కొంటే, ముగ్గురికే 165 అవుతుంది. కారు చౌకగా కనిపిస్తుంది. ఇక్కడ మనుషుల సంఖ్య మారలేదు, దూరం మారలేదు. టికెట్టు కొన్న తేదీ ఒక్కటే మారింది. ఐరోపాలోని హైస్పీడ్ రైళ్లలో ధర విమాన టికెట్టులాగా రోజు రోజుకూ మారుతుంది. కాబట్టి "రైలు ఖరీదు" అని ఎవరైనా చెబితే, ఎన్ని రోజుల ముందు కొన్నారో అడగండి. ఇటలీలోని ప్రాంతీయ రైళ్లకు ఈ బాధ లేదు. వాటి ధర దూరాన్ని బట్టి ఉంటుంది. స్టేషన్‌కు వెళ్లి అప్పటికప్పుడు కొన్నా అంతే.

కాలాన్ని కూడా లెక్కలో వేయాలి. రోమ్ నుండి ఫ్లోరెన్స్‌కు వేగవంతమైన రైలు సుమారు గంటన్నరలో చేరుస్తుంది. కారులో మూడు గంటలు దాటుతుంది. నగరంలోంచి బయటపడడం, మరో నగరంలో పార్కింగు వెతకడం అదనం. పారిస్ నుండి లియోన్‌కు టీజీవీ రైలు రెండు గంటలు తీసుకుంటుంది. 1981లో మొదలైన ఆ మార్గంతోనే ఫ్రాన్స్‌లో హైస్పీడ్ రైలు యుగం ఆరంభమైంది. మాడ్రిడ్, బార్సిలోనాల మధ్య 600 కిలోమీటర్లకు పైగా ఉన్న దూరాన్ని 2008 నుండి రైలు దాదాపు రెండున్నర గంటల్లో దాటుతోంది. పైగా ఈ రైళ్లు ఎక్కువగా ఊరి నడిబొడ్డునే దింపుతాయి. పది రోజుల యాత్రలో మిగిలిన ఒక్కో పూట విలువ ఎంత? మీ మొత్తం ఖర్చును, విమాన ఛార్జీలతో సహా, రోజుల సంఖ్యతో భాగించి చూడండి. అవకాశ వ్యయం అంటే ఏమిటో ఆ అంకె చెబుతుంది.

కారు బిల్లులో ముందు కనిపించనివి

కారు అద్దె ప్రకటనలో కనిపించే అంకె చివరి బిల్లులో ఉండదు. మొదటిది బీమా. అద్దెలో కలిపి ఇచ్చే సాధారణ బీమా ఉన్నా, ప్రమాదం జరిగితే కొంత మొత్తం వరకు అద్దెకు తీసుకున్నవారే భరించాలి. ఆ మొత్తం వెయ్యి యూరోలు దాటడం మామూలే. దాన్ని సున్నా చేయాలంటే రోజువారీగా అదనంగా చెల్లించాలి. రెండవది డిపాజిట్టు. చాలా సంస్థలు నడిపేవారి పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు మీద కొంత సొమ్మును నిలిపి ఉంచుతాయి. డెబిట్ కార్డు చూపితే కౌంటరు దగ్గరే ఆగిపోవలసి రావచ్చు. మన ఇళ్లలో కార్డు కొడుకు పేరున, డ్రైవింగు లైసెన్సు తండ్రి పేరున ఉండే సందర్భాలు ఎక్కువ కనుక దీన్ని ముందే చూసుకోవాలి. మూడవది, ఒక ఊళ్లో తీసుకొని వేరే ఊళ్లో అప్పగిస్తే వసూలు చేసే రుసుము. ఒకే దేశంలో అది భరించగలిగేదే. దేశం మారితే మాత్రం కొన్నిసార్లు అద్దెనే మించిపోతుంది. ఆటోమేటిక్ గేరు కావాలన్నా, నడిపేవారికి 25 ఏళ్లు నిండకపోయినా అదనపు రుసుము ఉంటుంది.

రహదారుల సుంకం దేశానికో తీరు. ఫ్రాన్స్, ఇటలీలలో మన టోల్‌గేట్ల మాదిరిగానే దూరాన్ని బట్టి చెల్లిస్తారు. ఆస్ట్రియా, స్లొవేనియా వంటి దేశాలలో నిర్ణీత రోజులకు విన్యెట్ అనే పత్రం కొనాలి. స్విట్జర్లాండ్‌లో రోజులకు, వారాలకు అమ్మరు. ఒక్క మధ్యాహ్నం ఆ దేశపు జాతీయ రహదారులపై ప్రయాణించినా 40 ఫ్రాంకులు పెట్టి ఏడాది విన్యెట్టే కొనాలి. జర్మనీ ఆటోబాన్‌ల మీద కార్లకు సుంకం లేదు.

వీటన్నిటికన్నా ఎక్కువ మందిని దెబ్బతీసేది ఇటలీ నగరాలలోని జెడ్‌టీఎల్. జోనా ట్రాఫికో లిమిటాటో అనే మాటలకు అది పొట్టి రూపం. పాత నగరం నడుమ ఉన్న ఇరుకు వీధులలోకి స్థానికుల వాహనాలు, అనుమతి ఉన్నవి మాత్రమే వెళ్లాలి. అడ్డుగా గేటు ఉండదు, పోలీసు ఉండడు. ఒక బోర్డు, పైన ఒక కెమెరా, అంతే. కెమెరా పనిచేస్తున్నప్పుడు బోర్డు మీద "వార్కో ఆత్తీవో" అని వెలుగుతుంది. "ఆత్తీవో" అన్న మాట ఇంగ్లీషు "యాక్టివ్"లా వినిపించేసరికి దారి తెరిచి ఉందని పొరబడతాం. నిజానికి నిషేధం అమలులో ఉందని దాని అర్థం.

ముప్పై ఏళ్లు తరగతి గదిలో వ్యయ సిద్ధాంతం బోధించిన నేను ఈ బోర్డు కిందనుంచి మూడుసార్లు వెళ్లాను. ఉద్యోగ విరమణ తరువాత మేమిద్దరం, మా అబ్బాయి, కోడలు ఫ్లోరెన్స్‌లో హోటల్ కోసం ఒకే వీధి చుట్టూ తిరిగాం. ఎవరూ ఆపలేదు. ఇంటికి వచ్చిన కొన్ని నెలలకు కారు అద్దెకు ఇచ్చిన సంస్థ మా అబ్బాయి కార్డు నుండి మూడుసార్లు సేవా రుసుము తీసుకుంది. అది జరిమానా కాదు, మా చిరునామాను అధికారులకు తెలియజేసినందుకు! అసలు జరిమానా నోటీసులు తరువాత పోస్టులో వచ్చాయి. ఒక్కొక్కటి వంద యూరోలకు దగ్గరగా ఉంది. విదేశాలలో నివసించేవారికి నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది. కనుక "ఇన్నాళ్లయింది, ఇక రాదులే" అనుకోవడానికి వీల్లేదు. హోటల్ ఆ మండలంలోనే ఉంటే, మన బండి నంబరును ముందుగా హోటల్ వారికి ఇచ్చి నమోదు చేయించుకునే వీలు చాలాచోట్ల ఉంది. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. ఆ మూడు మలుపుల ఖర్చుతో మేం నలుగురం ఫ్లోరెన్స్ నుండి వెనిస్‌కు రైలులో దర్జాగా వెళ్లి ఉండేవాళ్లం.

కుడి వైపు నడక

మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్టు 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఉంటుంది, ఏడాది పాటు చెల్లుతుంది. రవాణా శాఖ కార్యాలయం నుండి దాన్ని బయలుదేరక ముందే తీసుకోవాలి, అసలు లైసెన్సును కూడా వెంట ఉంచుకోవాలి. పత్రం చేతికి రావడం సులువే. అలవాటు మార్చుకోవడమే కష్టం. బ్రిటన్, ఐర్లండ్, మాల్టా, సైప్రస్‌లను మినహాయిస్తే ఐరోపా అంతా రోడ్డుకు కుడి పక్కన నడుపుతుంది. నేరుగా వెళ్లేటప్పుడు ఇబ్బంది ఉండదు; ఎడమకు తిరిగేటప్పుడు, ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున బండి తీసేటప్పుడు పాత అలవాటు చెయ్యి పట్టి లాగుతుంది. బోర్డు ఏదీ లేని కూడలిలో కుడి వైపు నుండి వచ్చే బండికి దారి ఇవ్వాలన్న నియమం ఖండంలోని చాలా దేశాలలో ఉంది. జర్మనీ ఆటోబాన్ మీద ఎడమ వరుస దాటడానికే. కుడి వైపు నుండి ఇంకో బండిని దాటడం నేరం.

రాత్రంతా విమానంలో గడిపి దిగిన రోజే కారు తీసుకోకండి. ఈ ఒక్క మాట మీద నేను ఎవరితోనూ రాజీపడను.

రైలు పాసు ఎప్పుడు లాభం

ఐరోపా వాసులు కానివారి కోసం యూరైల్ పాసు 1959లో మొదలైంది. అక్కడ నివసించేవారికి ఇంటర్‌రైల్ పాసు ఉంది. అది 1972లో వచ్చింది. ఇక్కడ చూసేది పౌరసత్వాన్ని కాదు, నివాసాన్ని. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు ఇంటర్‌రైల్, వరంగల్ నుండి వెళ్లిన తల్లిదండ్రులు యూరైల్ కొనాలి.

పాసు ఉంటే ఏ రైలైనా ఎక్కవచ్చు అన్నది సగం నిజం. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ హైస్పీడ్ రైళ్లలో పాసు ఉన్నవారు కూడా సీటు రిజర్వేషన్‌కు విడిగా చెల్లించాలి. ప్రతి ప్రయాణానికీ పది యూరోలో అంతకు మించో అవుతుంది. లండన్, పారిస్‌ల మధ్య తిరిగే యూరోస్టార్‌లో పాసుదారులకు ఇచ్చే సీట్లు పరిమితం. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో మాత్రం చాలా రైళ్లు రిజర్వేషన్ లేకుండానే ఎక్కవచ్చు. కనుక మూడు నాలుగు ఊళ్లు, ముందే ఖరారైన తేదీలు అయితే విడి టికెట్లు కొనడమే మేలు. రోజుకో ఊరు, ఉదయం లేచాక నిర్ణయించుకునే స్వేచ్ఛ కావాలంటే పాసు. ఆ స్వేచ్ఛ మీకు నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించండి. షెంగెన్ వీసా దరఖాస్తుతోనే ప్రయాణ ప్రణాళిక, బస వివరాలు ఇచ్చేవారికి తేదీలు సాధారణంగా ముందే తెలిసి ఉంటాయి.

స్విట్జర్లాండ్‌ను విడిగా చెప్పుకోవాలి. అక్కడ 1982 నుండి దేశమంతటా గడియారపు ముల్లును అనుసరించే సమయపట్టిక అమలులో ఉంది. ఒక మార్గంలో రైలు 8.02కు ఉంటే, తరువాతిది 9.02కు, ఆపైన 10.02కు ఉంటుంది. ప్రధాన కూడళ్లకు నాలుగు వైపుల నుండి రైళ్లు గంట కొట్టడానికి కాస్త ముందు చేరి, గంట దాటిన కొద్ది నిమిషాలకు బయలుదేరుతాయి. ఈ నడుమ ప్రయాణికులు ఒక రైలు దిగి మరొకటి ఎక్కుతారు. కొండ ఊళ్లకు వెళ్లే బస్సులు కూడా దీనికి అనుగుణంగానే ఉంటాయి. రైలు ఎంత వేగంగా వెళ్లిందన్నదానికన్నా ఎక్కడ ఎంతసేపు ఎదురుచూడవలసి వచ్చిందన్నదే ప్రయాణికుడికి ముఖ్యమని వారు ముందే గ్రహించారు. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు రైలే వెళుతుంది. జెర్మాట్‌లోకి బయటి కార్లను అనుమతించరు; కింద ఉన్న టేష్ గ్రామంలో కారు వదిలి రైలు ఎక్కాల్సిందే. ఇటువంటి దేశంలో కారు అద్దెకు తీసుకోవడం నా దృష్టిలో డబ్బిచ్చి బరువు కొనుక్కోవడం.

రైలుకు లోపాలు లేవని కాదు. జర్మనీలో 2024లో దూర ప్రయాణ రైళ్లలో మూడింట ఒక వంతుకు పైగా ఆలస్యంగా నడిచాయి. అక్కడ రైలు మారడానికి ఎనిమిది నిమిషాల వ్యవధి చూపితే నమ్మకండి, తరువాతి రైలుకు ప్రణాళిక వేసుకోండి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం గంట నుండి రెండు గంటల లోపు ఆలస్యమైతే టికెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే 50 శాతం పరిహారం అడగవచ్చు, కొన్ని మినహాయింపులున్నాయి. ఇటలీలో సమ్మెలు తరచు. అయితే ముందే ప్రకటిస్తారు, పనిదినాలలో ఉదయం 6 నుండి 9 వరకు, సాయంత్రం 6 నుండి 9 వరకు అవసరమైన ప్రాంతీయ రైళ్లు నడుపుతారు. అక్కడే కాగితపు ప్రాంతీయ టికెట్టును ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోకపోతే, చేతిలో టికెట్టు ఉన్నా జరిమానా పడుతుంది.

స్టేషన్ పేరు పూర్తిగా చదవండి. పారిస్‌కు ఒక స్టేషన్ లేదు, దిక్కుకొకటి ఉంది. లండన్ నుండి వచ్చేవారు గార్ ద్యు నోర్‌లో దిగుతారు. లియోన్ రైలు గార్ ద లియోన్ నుండి బయలుదేరుతుంది. వెనిస్‌లో సాంతా లుచియా కాలువ గట్టున ఉంటుంది, మెస్ట్రే వంతెనకు అవతలి గట్టున. సికింద్రాబాద్, కాచిగూడల తేడా తెలిసిన మీకు దీన్ని ఎక్కువగా వివరించనవసరం లేదు.

కారు గెలిచే చోటు

ఇంతవరకు చదివి నేను రైలు పక్షమని మీరు అనుకుంటే అది చాలావరకు నిజమే. అయినా కారు లేకపోతే చూడలేని ఐరోపా ఉంది. ఐస్‌లాండ్‌లో ప్రయాణికుల రైలు మార్గమే లేదు. మాల్టా, సైప్రస్‌లలో కూడా లేదు. అక్కడ రోడ్డుకు ఎడమ పక్కనే నడుపుతారు గనుక మనవారికి కారు సులువు. ఐర్లండ్ పశ్చిమ తీరం, స్కాట్లాండ్ ఉత్తర కొండలు, దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ గ్రామాలు, ఇటలీలోని టస్కనీ పల్లెలు ఈ కోవకే వస్తాయి.

టస్కనీనే తీసుకుందాం. సాన్ జిమిన్యానోకు రైల్వే స్టేషన్ లేదు. పొజ్జిబోన్సీలో దిగి బస్సు ఎక్కాలి. ఒక్క ఊరు చూడడానికి అది బాగానే ఉంటుంది. కాని వాల్ దోర్చా లోయలోని చిన్న ఊళ్లను వరుసగా చూడాలంటే బస్సుకూ బస్సుకూ మధ్య గంటలు గడుస్తాయి. ఆదివారం మరీ కష్టం. రెండు రోజులకు కారు తీసుకుంటే అద్దె 120, 300 కిలోమీటర్లకు పెట్రోలు 36, పల్లెల్లో పార్కింగు 20, మొత్తం 176 యూరోలు. నలుగురికి తలకు 44. ఆ రెండు రోజుల్లో బస్సులతో రెండు ఊళ్లు చూసేవారు కారులో ఐదారు చూడగలరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, చంకలో పిల్ల ఉన్న తల్లి, నాలుగు పెద్ద పెట్టెలు: వీటిని కూడా ఈ పక్కనే రాసుకోవాలి. రైలులో పెట్టెలు ఎక్కించేది, దింపేది మనమే.

ఇప్పుడు తొమ్మిది రాత్రుల ఇటలీ యాత్రను కలిపి చూద్దాం: రోమ్‌లో మూడు, ఫ్లోరెన్స్‌లో రెండు, టస్కనీ పల్లెల్లో రెండు, వెనిస్‌లో రెండు. తొమ్మిది రోజులూ కారు ఉంచుకుంటే అద్దె 540, నగరాలలో ఏడు రాత్రుల పార్కింగు 210. పెట్రోలు, టోలు కలపకముందే 750 యూరోలు. ఆ ఏడు రోజులలో కారు చేసే పని దాదాపు ఏమీ లేదు. వెనిస్‌లోనైతే పియాజ్జాలె రోమా దాటి వెళ్లడానికి రోడ్డే లేదు. అలా కాకుండా రోమ్ నుండి ఫ్లోరెన్స్‌కు, ఫ్లోరెన్స్ నుండి వెనిస్‌కు ముందుగా కొన్న టికెట్లతో రైలులో వెళ్లి (తలకు 25 చొప్పున నలుగురికి 200), నడుమ రెండు రోజులు మాత్రం కారు తీసుకుంటే మొత్తం 376. సగం. ఆ కారునైనా పాత నగరం నడుమ కాకుండా, విమానాశ్రయం దగ్గరో ఊరి అంచునో తీసుకొని అక్కడే అప్పగించాలి. కారణం మీకు తెలుసు.

పర్యావరణం సంగతి కూడా చెప్పుకోవాలి. ఐరోపా పర్యావరణ సంస్థ లెక్కల ప్రకారం ఒక ప్రయాణికుడిని ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి రైలు వెలువరించే హరితగృహ వాయువులు కారు వెలువరించేవాటిలో నాలుగో వంతుకన్నా తక్కువ. ఇది సగటు మాత్రమే. సగటు కారులో ఇద్దరు కూడా ఉండరు; నలుగురు నిండుగా కూర్చుంటే ఆ తేడా బాగా తగ్గుతుంది.

అభ్యాసం

ఒక కుటుంబంలో ఐదుగురు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, డెబ్బై ఏళ్ల నాయనమ్మ. ఎనిమిది రాత్రుల ఫ్రాన్స్ యాత్ర. పారిస్‌లో నాలుగు, ప్రొవాన్స్‌లో నాలుగు. పారిస్ నుండి అవిన్యోన్‌కు టీజీవీ ఉంది; గోర్ద్ వంటి కొండ గ్రామాలకు రైలు లేదు. భర్తకు లైసెన్సు ఉంది, క్రెడిట్ కార్డు భార్య పేరున ఉంది. పైన అనుకున్న అద్దె, పెట్రోలు, పార్కింగు ధరలనే తీసుకొని, రైలు టికెట్టు ముందుగా కొంటే 40 యూరోలు, ఆలస్యంగా కొంటే 90 యూరోలు అనుకొని రెండు ప్రణాళికలు తయారు చేయండి. కారును ఏ ఊళ్లో, ఏ రోజున తీసుకోవాలో, బయలుదేరక ముందే ఇంట్లో సరిచేసుకోవలసినవి ఏమిటో రాయండి. అవిన్యోన్‌లో రెండు స్టేషన్లున్నాయని, టీజీవీ స్టేషన్ ఊరి బయట ఉందని మరవకండి.